కొత్త లారీ డ్రైవర్: పెద్ద కంపెనీలో మొదటి ఏడాది

పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీలో చేరిన కుర్రాళ్లు ఏడాది తిరక్కుండానే ఎందుకు మానేస్తున్నారని ఏ బ్రాంచి మేనేజర్‌ని అడిగినా, "ఈ కాలం పిల్లలకి ఓపిక లేదండీ" అంటాడు. ట్రిప్పు లెక్కలు చూసే బల్ల వెనక కొన్నేళ్లు కూర్చున్నవాడిగా ఆ మాట నేను ఒప్పుకోను. బండి నడపడం చేతకాక వెళ్లిపోయినవాళ్లు తక్కువ. ట్రిప్పు దిగి వచ్చాక డీజిల్ తగ్గిందని కొంత, సరుకు తగ్గిందని కొంత, చలానా అని ఇంకొంత కోతపడి, అదెందుకు పడిందో నిలదీయడానికి చేతిలో కాగితం ముక్క లేక, విసిగిపోయి తాళాలు బల్లమీద పెట్టి వెళ్లినవాళ్లే ఎక్కువ. అందుకని కొత్తగా చేరేవాళ్లకి నేను చెప్పేది ముందు ఒకటే: స్టీరింగ్ మీద ఎంత శ్రద్ధ పెడతారో లెక్కమీదా అంత పెట్టండి.

మన దేశంలో లారీల్లో ఎక్కువ భాగం రెండు మూడు బళ్లున్న చిన్న ఓనర్లవే. అక్కడ వ్యవహారమంతా నోటిమాట. ఓనరు మీ ఊరివాడో, మీ బావమరిదికి తెలిసినవాడో అయివుంటాడు. పొరపాటు జరిగితే నాలుగు తిడతాడు, పండక్కి చొక్కా గుడ్డ ఇస్తాడు, అంతటితో సరి. పెద్ద కంపెనీ అలా నడవదు, నడవలేదు కూడా. 1958లో కలకత్తాలో ఒక్క లారీతో మొదలైన టీసీఐ, 1976లో విజయ్ సంకేశ్వర్ గదగ్‌లో ఒక్క లారీతో మొదలుపెట్టిన వీఆర్‌ఎల్, విజయవాడ కేంద్రంగా పెరిగిన నవత, ఇలాంటి సంస్థల్లో మిమ్మల్ని చేర్చుకునేది ఒకరు, లోడు ఇచ్చేది ఇంకొకరు, లెక్క తేల్చేది ఎక్కడో కూర్చున్న మూడో మనిషి. ఆ మూడో మనిషి మిమ్మల్ని ఎన్నడూ చూసి ఉండడు. అతని ముందుండేది మీ ట్రిప్ షీటు, డీజిల్ బిల్లు, జీపీఎస్ చూపించిన కిలోమీటర్లు. మీరు మంచివారో కాదో వాటిని చూసే తేలుస్తాడు.

లైసెన్సు సంగతి

రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు చేతికొచ్చి ఏడాది పూర్తయితేగాని రవాణా వాహనానికి లెర్నర్ లైసెన్సు ఇవ్వరు. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న పాత నిబంధన 2019లో పోయింది. చదువు లేదని ఆగిపోయినవాళ్లు ఇప్పుడు ధైర్యంగా వెళ్లొచ్చు. కాకపోతే ఈ ఉద్యోగంలో అంకెలు, ఊళ్ల పేర్లు, బిల్లు మీద తేదీలు చదవలేకపోతే రోజూ ఎవరో ఒకరి మీద ఆధారపడాలి. తీరిక ఉన్నప్పుడే ఆ నాలుగక్షరాలు నేర్చుకోవడం మేలు.

లైట్ మోటార్ లైసెన్సు వచ్చాక ఆగాల్సిన ఆ ఏడాదిని చాలామంది ఊరికే పోగొట్టుకుంటారు. పోగొట్టుకోనక్కర్లేదు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని లైట్ మోటార్ లైసెన్సుతోనే నడపొచ్చని సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరులో తేల్చి చెప్పింది. అంటే టాటా 407 లాంటి బండి మీద కూరగాయలో, కిరాణా సరుకో ఏడాదిపాటు తోలొచ్చు. సందుల్లో రివర్స్ తియ్యడం, గోదాము ముందు గంటలకొద్దీ ఎదురుచూడటం, హమాలీలతో మాట్లాడటం, ఇవన్నీ ఆ చిన్న బండి మీదే వస్తాయి. నేరుగా పెద్ద బండి ఎక్కినవాడికీ, 407 తోలి వచ్చినవాడికీ తేడా కంపెనీ ట్రయల్‌లో మొదటి రివర్స్‌కే బయటపడుతుంది.

హెవీ నేర్చుకోవడానికి గుర్తింపు పొందిన కేంద్రాల్లో శిక్షణ ఆరు వారాల్లో 38 గంటలు. తెలంగాణలో సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో ఇందుకోసమే ఒక సంస్థ పెట్టారు. నాలుగు రోజులు స్టీరింగ్ పట్టించి ఫారం చేతిలో పెట్టే స్కూళ్లు మన ఊళ్లలో బోలెడు. డబ్బు మిగులుతుందనే ఆశతో అక్కడికి వెళ్లకండి. పాతకాలంలో క్లీనర్‌గా చేరి, గురువు పక్కన కూర్చుని, రాత్రిపూట ఖాళీ రోడ్డు మీద బండి అందుకుని నేర్చుకునేవాళ్లు. ఇప్పుడు చాలా కంపెనీ బళ్లలో క్లీనరే లేడు. ఆ బడి మూతపడింది కాబట్టి శిక్షణకి బయట ఖర్చు పెట్టక తప్పదు.

చేరేముందు అడగాల్సినవి

ఉద్యోగం ఇస్తున్నారన్న సంతోషంలో జీతం ఒక్కటే అడిగి వచ్చేస్తారు. జీతం అంకెకన్నా దాని లెక్క ముఖ్యం. నెలజీతం మీద బత్తానా, ట్రిప్పుకి ఇంతనా, కిలోమీటరుకి ఇంతనా? ట్రిప్పు లెక్కయితే గోదాము ముందు రెండు రోజులు బండి ఆగిపోయినప్పుడు హాల్టింగ్ ఎవరికి, కంపెనీకేనా, మీకూ వస్తుందా? దారిలో పంక్చరుకి ముందు ఎవరు పెట్టుకోవాలి, బిల్లు తెస్తే ఎన్నాళ్లకి ఇస్తారు? లోడింగ్ దగ్గర హమాలీలకిచ్చే మామూలు లెక్కలో రాస్తారా, మీ బత్తాలోంచి పోవాలా? మైలేజీ ఇంత రావాలని కంపెనీ గీత గీస్తుంది. ఖాళీ బండికి ఎంత, నిండు లోడుకి ఎంత, ఘాట్ రూటుకి ఎంత అని విడివిడిగా చెప్పించుకోండి. అన్నిటికీ ఒకటే అంకె చెప్పారంటే మీ జీతంలోంచి డీజిల్ కోత ఖాయం.

రెండు విషయాల్లో మొహమాటపడొద్దు. ఒరిజినల్ లైసెన్సు ఆఫీసులో పెట్టుకుంటామంటే ఇవ్వకండి. జిరాక్సు ఇవ్వండి, డిజీలాకర్‌లో చూపించండి. లైసెన్సు వాళ్ల బీరువాలో ఉంటే మానెయ్యాలనుకున్నప్పుడు మీ కాళ్లకి తాడు కట్టినట్టే. ఖాళీ ప్రామిసరీ నోటు మీద, రాయని తెల్లకాగితం మీద సంతకం అసలే వద్దు. అడ్వాన్సు సంగతీ అంతే. చెల్లెలి పెళ్లికో, ఇంటి స్లాబుకో లక్ష అడ్వాన్సు ఇస్తామని ఆశ చూపిస్తారు. అది తీరేదాకా ఏ రూటుకి వెళ్లమన్నా వెళ్లాలి, ఎన్ని గంటలు తోలమన్నా తోలాలి. మొదటి ఏడాది అడ్వాన్సు పుచ్చుకోని డ్రైవర్‌కి ఆఫీసులో ఉండే గౌరవమే వేరు. నా కళ్లతో చూసిన సంగతి ఇది.

కంపెనీలో రకరకాల పనులుంటాయి, ఏది దొరికితే అది పట్టుకోకండి. నన్నడిగితే కొత్తవాడికి మంచిది పార్శిల్ లైను. ఒక హబ్ నుంచి ఇంకో హబ్‌కి, మూసిన కంటైనర్, వేళ ప్రకారం బయల్దేరడం. విజయవాడ నుంచి హైదరాబాద్ 65వ జాతీయ రహదారి మీదో, విశాఖకి 16 మీదో పదే పదే వెళ్లొస్తే రోడ్డు చేతికి అలవాటవుతుంది. ఎక్కడ మలుపు కఠినం, ఏ ఊరి దగ్గర గేదెలు అడ్డొస్తాయి, ఏ టోల్ దగ్గర రాత్రి రెండింటికి క్యూ ఉంటుంది, అన్నీ తెలుస్తాయి. సరుకుకి సీలు ఉంటుంది కాబట్టి తగ్గిందన్న గొడవా తక్కువే. కొన్నిచోట్ల రిలే పద్ధతి ఉంది. గురుగ్రామ్‌లో 2014లో మొదలైన రివిగో దాన్ని పెద్దఎత్తున నడిపింది. ఒక డ్రైవర్ నాలుగైదు గంటలు తోలి బండిని తర్వాతివాడికి అప్పగించి, ఇంకో బండితో వెనక్కి వచ్చేస్తాడు. అలాంటిది దొరికితే జీతం కొంచెం తక్కువైనా చేరిపోండి.

విశాఖ ఉక్కు నుంచి వచ్చే వైర్ రాడ్ చుట్టలు, చీమకుర్తి గ్రానైట్ దిమ్మెలు, గ్యాస్ ట్యాంకర్లు, వీటి జోలికి మొదటి ఏడాది పోవద్దు. సడన్ బ్రేక్ కొడితే చుట్టలు, దిమ్మెలు ముందుకి, అంటే మీ క్యాబిన్ మీదికి వస్తాయి. వాటిని కట్టే పద్ధతి తెలిసిన పెద్దవాళ్లున్నారు. సగం నిండిన ట్యాంకరులో మలుపు దగ్గర లోపలి ద్రవం ఒక పక్కకి ఒరిగి బండినీ లాగేస్తుంది. ప్రమాదకర సరుకులకి లైసెన్సు మీద వేరే ఎండార్స్‌మెంటు ఉండాలి, శిక్షణా తీసుకోవాలి. జీతం ఎక్కువిస్తారన్నది నిజమే. ఎందుకు ఎక్కువిస్తారో కూడా ఆలోచించండి.

బండి అప్పగించుకునే రోజు

తాళాలు చేతికొచ్చిన అరగంటలో చేసే పని మీ మూడు నెలల జీతాన్ని కాపాడుతుంది. ఓడోమీటరు, డీజిల్ ముల్లు ఫోటో తీసుకోండి. స్టెప్నీ, జాకీ, రాడ్డు, పానాలు, టార్పాలిన్, తాళ్లు, బ్యాటరీలు, రిఫ్లెక్టర్ ట్రయాంగిల్, మందుల పెట్టె, మంటలార్పే సిలిండరు ఉన్నవి ఉన్నట్టు, లేనివి లేనట్టు రాసి సూపర్‌వైజర్ చేత సంతకం పెట్టించండి. అన్నిటికన్నా ముఖ్యం టైర్ల నంబర్లు. ప్రతి టైరుకీ నంబరుంటుంది, కంపెనీ దగ్గర ఆ జాబితా ఉంటుంది. మీకంటే ముందు తోలినవాడి హయాంలో కొత్త టైరు పోయి పాతది వచ్చి ఉంటే, ఆరు నెలల తర్వాత తనిఖీలో దొరికేది మీరు. పది టైర్ల నంబర్లు రాసుకోవడానికి పదినిమిషాలు పట్టదు. ఒక్క టైరు ధర ఎంతో ఆటోనగర్‌లో ఎవరినైనా అడిగి చూడండి.

కాగితాలు సరేసరి. ఆర్సీ, పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, కాలుష్య సర్టిఫికెట్, పన్ను రసీదు, ఒక్కోదాని గడువు తేదీ మీరే చూడండి. డిజీలాకర్, ఎంపరివాహన్ యాప్‌లో ఉన్నవీ చెల్లుతాయి. వీటిలో ఏది తప్పినా రోడ్డు మీద ఆపేది మిమ్మల్నే, ఆఫీసులో కూర్చున్నవాళ్లని కాదు.

ఈ-వే బిల్లు గురించి కొత్తవాళ్లకి ఎవరూ సరిగ్గా చెప్పరు. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే అది ఉండాలి. దానికి గడువు ఉంటుంది, ప్రతి 200 కిలోమీటర్లకి ఒక రోజు. హైదరాబాద్ నుంచి చెన్నైకి దాదాపు 630 కిలోమీటర్లు, అంటే నాలుగు రోజులు. దారిలో బండి చెడిపోయి ఆగిపోతే ఆ గడువు కరిగిపోతూనే ఉంటుంది. గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిశాక ఎనిమిది గంటల వరకు పొడిగించుకునే వీలుంది. అది చెయ్యాల్సింది ఆఫీసే, కానీ ఫోన్ చేసి చెప్పాల్సింది మీరు. ఆ చెప్పడం వాట్సాప్‌లో చెప్పండి, తేదీ, టైము పడుతుంది. సరుకు వేరే బండిలోకి మార్చారా? బిల్లులో బండి నంబరు మారిందో లేదో చూడకుండా కదలొద్దు. పట్టుబడితే సరుకు యజమాని, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, అధికారులు ముగ్గురూ తేల్చుకునేదాకా రోడ్డు పక్కన బండికి కాపలా కాసేది డ్రైవరే.

రోడ్డు మీద

ప్రతి ఉదయం బండి చుట్టూ ఒక చుట్టు తిరగండి. టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మే నెలలో కర్నూలు, అనంతపురం మధ్య మధ్యాహ్నం తోలి ఆపి చూస్తే అన్ని టైర్లూ గట్టిగానే ఉంటాయి. వేడికి పెరిగిన గాలి అది. నట్లు, లైట్లు, అద్దాలు, కింద ఆయిల్ చుక్కలు చూసుకోండి. ఎయిర్ ట్యాంకు నిండేదాకా గేరు వెయ్యొద్దు. నడుస్తుండగా తక్కువ గాలి బజర్ మోగితే ఇంకాస్త ముందుకి పోయి చూద్దామనుకోకండి, వెంటనే పక్కకి తియ్యండి.

బీఎస్ 6 బళ్లలో డీజిల్‌తోపాటు యాడ్‌బ్లూ పొయ్యాలి, మనవాళ్లు యూరియా అంటారు. అది అయిపోతే ఇంజిన్ బలం దానంతటదే తగ్గిపోతుంది, నిండు లోడుతో ఎత్తు ఎక్కదు. రోడ్డు పక్క క్యాన్లలో అమ్మే చవక సరుకు పోస్తే ఖరీదైన భాగం చెడుతుంది. చెడిపోతే ఎక్కడ పోయించావన్నది మొదటి ప్రశ్న. బిల్లు ఉంచుకోండి.

ఇప్పుడు మైలేజీ. డీజిల్ మిగిల్చినవాడికి ఇన్సెంటివ్ ఇచ్చే కంపెనీలున్నాయి. దాంతో కొత్తవాళ్లకి ఎవడో పాతవాడు దిగుడులో న్యూట్రల్ చెయ్యమని చెవిలో ఊదుతాడు. ఇంతకన్నా పనికిమాలిన సలహా ఈ వృత్తిలో లేదు. కొత్త ఇంజిన్లలో గేరులో ఉంచి యాక్సిలేటర్ మీంచి కాలు తీస్తే ఇంజిన్‌కి డీజిల్ ఆగిపోతుంది, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆగకుండా తిరగడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్ వల్ల మిగిలేదేమీ లేదు, పైగా ఇంజిన్ పట్టు పోతుంది. భారమంతా బ్రేకుల మీద పడి డ్రమ్ములు కాలిపోతాయి. కాలిన బ్రేకు ఎంత తొక్కినా పట్టదు. ఘాట్ ఎక్కేటప్పుడు ఏ గేరు వాడాల్సి వస్తుందో దిగేటప్పుడూ అదే గేరు, పైన మొదలుపెట్టేముందే వెయ్యండి. ఎగ్జాస్ట్ బ్రేకు వాడండి. సగం దిగాక గేరు మార్చాలనుకుంటే అది పడకపోవచ్చు. గిద్దలూరు, నంద్యాల మధ్య నల్లమల ఘాట్లో మొదటిసారి వెళ్లేటప్పుడు తొందరున్నవాళ్లందరికీ దారి ఇచ్చెయ్యండి. మైలేజీ రావాలంటే టాప్ గేరులో ఒకే వేగంతో పోవడం, ఆగినచోట ఇంజిన్ ఆపడం, టైర్లలో సరైన గాలి, ఈ మూడు చాలు. రవాణా వాహనాలకి స్పీడ్ గవర్నర్ 80 దగ్గర కట్టేస్తుంది, దాన్ని విప్పించుకునే తెలివితేటలు మీకు వద్దు.

అడవి దారుల్లో రాత్రి నిషేధాలు ముందే తెలుసుకోండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మీదుగా శ్రీశైలం వెళ్లే రోడ్డు, కర్ణాటకలో బందీపూర్ రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. ఆ వేళకి గేటు దగ్గర చిక్కుకుంటే రాత్రంతా అక్కడే. హైదరాబాద్ నగరంలోకి పగలు పెద్ద బళ్లకి ప్రవేశం ఉండదు, ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ తిరిగి పోవాలి. ఆదిలాబాద్ దాటాక హిందీ లేనిదే పని జరగదు. ఇచ్ఛాపురం దాటాక కూడా హిందీతో నెట్టుకురావచ్చు. సినిమా హిందీ చాలదు, కాటా దగ్గర, గోదాము దగ్గర, పోలీసు దగ్గర మాట్లాడే హిందీ కావాలి. అది రెండు మూడు ట్రిప్పుల్లో వచ్చేస్తుంది.

నిద్ర గురించి ఎన్ని మాటలైనా చెప్పొచ్చు, పనికొచ్చేది కొంచెమే. మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో వచ్చిన చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు పని అంది. దూర ప్రయాణాలకి 10, 54 వరకు ఒప్పుకుంది. అయిదు గంటలు తోలాక కనీసం అరగంట విశ్రాంతి ఉండాలంది. ఆ చట్టాన్ని ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లో కలిపేశారు, రోజుకి 8 గంటల నియమం అందులోనూ ఉంది. రోడ్డు మీద అది ఎంత అమలవుతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి మీ గంటలు మీరే రాసుకోండి. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు మధ్య కన్ను మూతపడుతుంది, ఎంత మొనగాడికైనా. టీ, బీడీ, ముఖాన నీళ్లు అరగంటకి మించి ఆపలేవు. ఆపి ఇరవై నిమిషాలు పడుకుంటే నిజంగా పనిచేస్తుంది. ఎవడైనా "మాత్ర వేసుకో, తెల్లారేదాకా నిద్ర రాదు" అంటే అతనితో టీ కూడా తాగొద్దు. పడుకోవడానికి హైవే అంచున బండి ఆపకండి, వెనకనుంచి వచ్చి గుద్దేవాళ్లకి మీ బండి రాత్రిపూట కనపడదు. పెట్రోలు బంకో, ధాబానో, ట్రక్కుల కోసం కట్టిన లేబైయో చూసుకోండి. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. కొత్త బండి వస్తే సరే, లేకపోతే మధ్యాహ్నపు ఎండలో పడుకుని రాత్రి తోలుదామన్న లెక్క వేసుకోకండి. ఆ వేడిలో నిద్ర పట్టదు.

సీనియర్ డ్రైవర్‌ని "అన్నా" అని పిలిచి అడిగితే దారి, ధాబా, ఎక్కడ దొంగలు డీజిల్ తీస్తారో, అన్నీ చెబుతాడు. అడగడానికి నామోషీ పడేవాడే ఇబ్బంది పడతాడు.

దించేచోట

సరుకు దించేచోట గేటు లోపలికి వెళ్లిన టైము, ఖాళీ అయి బయటికి వచ్చిన టైము ఎల్.ఆర్. (లారీ రసీదు) కాగితం మీద రాయించుకోండి. హాల్టింగ్ రావాలంటే ఇదే ఆధారం. సీలు తెంచకముందే నంబరు కాగితంలో ఉన్నదానితో సరిపోలిందో లేదో ఎదుటివాడి సమక్షంలో చూసి ఫోటో తియ్యండి. సీలు ముందే తెగి ఉంటే తలుపు తెరవనివ్వకండి, ముందు ఆఫీసుకి ఫోన్. బస్తాలో, పెట్టెలో తగ్గాయనో తడిశాయనో అంటే అక్నాలెడ్జ్‌మెంట్ మీద ఎన్ని, ఏ స్థితిలో అని అంకెలతో రాయించండి. "షార్టేజీ" అని ఒక్క ముక్క రాసి పంపిస్తే అది మీ జీతంలో కోతగా ఎంతైనా పెరగొచ్చు. సంతకంతోపాటు రబ్బరు స్టాంపు పడాలి. ఆ కాగితం పోతే కంపెనీకి కిరాయి రాదు. కాబట్టి ముందు ఫోటో, తర్వాత ప్లాస్టిక్ కవరు.

ఓవర్‌లోడు మాట. ఫ్యాక్టరీవాడు ఇంకో రెండు టన్నులు వేస్తానంటాడు, లోకల్ సూపర్‌వైజర్ కళ్లు మూసుకుంటాడు. చట్టం ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ఒక్కో అదనపు టన్నుకి 2,000, అదనపు సరుకు అక్కడే దించాలి. నడిపినవాడి మీదా, నడిపించినవాడి మీదా కేసు ఉంటుంది. కానీ దొరికేది ముందు నడిపినవాడే. అందుకని కాటా చీటీ లేకుండా గేటు దాటకండి. బరువు ఎక్కువుంటే ఆ చీటీ ఫోటోని ఆఫీసుకి పంపి "ఇంత ఉంది, ఏం చెయ్యమంటారు" అని రాతలో అడగండి. ఈ ఒక్క ప్రశ్నకే చాలాసార్లు అదనపు బస్తాలు దిగిపోతాయి. "వెళ్లిపో" అని రాతలో చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు.

ప్రమాదం జరిగితే

2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగితే హైదరాబాద్ బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు నిలబడ్డాయి, గుర్తుండే ఉంటుంది. గుద్ది చెప్పకుండా వెళ్లిపోతే పదేళ్ల వరకు జైలు అన్న కొత్త సెక్షన్ మీద కోపం అది. ఆ సెక్షన్ ఉన్న భారతీయ న్యాయ సంహిత అదే ఏడాది జులై 1న అమల్లోకి వచ్చినా ఆ ఉపసెక్షన్‌ని మాత్రం పక్కన పెట్టారు. దాంతో కొందరు పారిపోయినా ఫరవాలేదనుకుంటున్నారు. అది తప్పు. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం పోతే అయిదేళ్ల వరకు శిక్ష అమల్లోనే ఉంది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవాళ్లకి వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోపు పోలీసులకి తెలపడం డ్రైవర్ బాధ్యత. జనం మీద పడి కొట్టే పరిస్థితి ఉంటే అక్కడ నిలబడలేకపోవడాన్ని అదే సెక్షన్ అర్థం చేసుకుంది. అంటే మీరు చెయ్యాల్సింది 108కీ, 112కీ ఫోన్ చెయ్యడం, ప్రాణభయం ఉంటే తిన్నగా దగ్గర్లోని పోలీసు స్టేషన్‌కి వెళ్లి లొంగిపోవడం, తర్వాత కంపెనీకి చెప్పడం. ఫోన్ చేసిన టైమే తర్వాత కోర్టులో మీ పక్షాన మాట్లాడుతుంది. జాతీయ రహదారి మీద బండి చెడిపోయినా 1033కి చెయ్యొచ్చు.

తాగి దొరికితే మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, పదివేలు జరిమానా, లేదా రెండూ. పెద్ద కంపెనీల్లో ఉద్యోగమూ ఆ రోజుతో సరి.

పెద్ద కంపెనీలో చేరడానికి అసలు కారణం

చిన్న ఓనర్ దగ్గర బత్తా ఒక్కోసారి ఎక్కువే దొరుకుతుంది. కంపెనీలో చేరేది పీఎఫ్ కోసం, ఈఎస్ఐ కోసం. వాటిని అడిగి తీసుకోకపోతే కంపెనీలో చేరి లాభమేమిటి? పీఎఫ్‌లో మీ జీతంలోంచి 12 శాతం పోతే కంపెనీ కూడా అంత వెయ్యాలి. నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ వస్తుంది. మీ వంతు కోత 0.75 శాతమే, కంపెనీది 3.25. డ్యూటీలో దెబ్బ తగిలితే ఈ కార్డు ఇచ్చే ధైర్యం మరేదీ ఇవ్వదు. పీఎఫ్ సభ్యుడు ఉద్యోగంలో ఉండగా చనిపోతే కుటుంబానికి 7 లక్షల వరకు బీమా ఉంది, అందుకు వేరే ప్రీమియం మీరు కట్టక్కర్లేదు. నామినీ పేరు మాత్రం ఎక్కించాలి. పెళ్లయ్యాక మార్చాలి కూడా. కొందరు కాంట్రాక్టర్ ద్వారా చేర్చుకుని బోర్డు మాత్రం పెద్ద కంపెనీది చూపిస్తారు. ఉమాంగ్ యాప్‌లో మీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) పాస్‌బుక్ తెరిస్తే డబ్బు పడుతోందో లేదో, ఎవరి పేరున పడుతోందో కనపడుతుంది. మూడో నెలకీ పడకపోతే బ్రాంచిలో రాసి ఇచ్చి అడగండి.

లారీ డ్రైవర్‌కి పిల్లనివ్వరని మన పల్లెల్లో ఇప్పటికీ మాట ఉంది. నెలకి ఎన్నిసార్లు ఇల్లు చేరతావన్న ప్రశ్నకి జవాబు లేకపోవడమే దానికి కారణం. సెలవు లెక్క కూడా చేరేముందే తేల్చుకోవడం అందుకే మంచిది.

జగిత్యాల, నిజామాబాద్ వైపు కుర్రాళ్లలో చాలామందికి మనసు గల్ఫ్ మీద ఉంటుంది. హెవీ డ్రైవర్లకి అక్కడ గిరాకీ ఉన్నమాట నిజం. అక్కడి లైసెన్సు మళ్లీ అక్కడే తెచ్చుకోవాలి. ఇక్కడ రెండు మూడేళ్లు ఒకే పెద్ద కంపెనీలో చేసిన అనుభవ పత్రం, పీఎఫ్ పాస్‌బుక్ చూపించగలిగితే మీ మాటకి విలువ ఉంటుంది. ఏజెంటుకి కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడకుండా పాస్‌పోర్టు ఇవ్వొద్దు. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా ఉంది, ముందు అక్కడ అడగండి.

ఇక ఒక్క పని ఈ రోజే చెయ్యండి. మీ రవాణా లైసెన్సు గడువు అయిదేళ్లు. అది ముగిశాక 30 రోజులు చెల్లుతుందని ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నారు. ఆ వెసులుబాటు 2019 సవరణతో పోయింది. గడువు దాటిన మర్నాడు మీరు లైసెన్సు లేని డ్రైవరే, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చూసే మొదటి కాగితం అదే. గడువుకి ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేసుకోవచ్చు, దాటి ఏడాదైతే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష పాసవాలి. జేబులోంచి లైసెన్సు తీసి తేదీ చూడండి.